దీవికి పోయే ముందు

నాబోటి గుమాస్తాకు సెలవంటే తిరుపతి. కాస్త చెయ్యి ఆడిన యేడు కొడైకానలు. మా తాతగారు నెల్లూరు వైపు నుంచి చెన్నపట్నం వచ్చి స్థిరపడిన నాటినుంచి నేటివరకు మా ఇంట్లో సముద్రాన్ని చూడనివారు లేరు. మోకాలి లోతు మించి అందులోకి దిగినవారూ లేరు. సాయంకాలం మెరీనా ఇసుకలో కూర్చుని సుండలు తింటూ అలలను చూడడం వరకే మాకూ సముద్రానికీ పరిచయం. అటువంటి ఇంట్లో పుట్టిన మావాడికి, ఇరవై యేళ్లవాడికి, అండమాను దీవులకు పోయి నీటి అడుగున తిరిగి రావాలనే కోరిక ఎక్కడినుంచి వచ్చిందో ఆ సముద్రుడికే తెలియాలి.

కోరిక వచ్చింది సరే, వాడు ఊరికే కూర్చోలేదు. రెండేళ్లపాటు తెల్లవారుజామున లేచి కార్పొరేషను వారి కొలనులో ఈత నేర్చుకున్నాడు. నేను నెలనెలా కట్టిన లక్షన్నర చీటీ గడచిన కార్తీకంలో చేతికి వచ్చింది. ఆ డబ్బుతో గొలుసు చేయించుకోవాలని మా ఆవిడ అనుకుంటూ వుండేది. "గొలుసు ఎప్పుడైనా చేయించుకోవచ్చు. వాడికి ఈ వయసు మళ్లీ వస్తుందా?" అన్నదామె. ఇక నాకు కాదనడానికి నోరు రాలేదు.

మాఘమాసంలో వెళ్లి వచ్చాము. వచ్చిన నాటినుంచి సంఘం మిత్రులు కనిపించినప్పుడల్లా అడుగుతూనే వున్నారు: ఎలా పోయారు, ఎన్నాళ్లు వున్నారు, నీళ్లలోకి దిగితే ప్రమాదం లేదా అని. అందరికీ విడివిడిగా చెప్పేకంటే నాలుగు ముక్కలు రాసి పత్రికకు ఇవ్వడం మేలనిపించింది. వర్ణనలు నాకు చేతకావు. ఇరవై రెండేళ్లుగా దరఖాస్తులు సరిచూసే ఉద్యోగం నాది. కాబట్టి ఏ పద్దు తరువాత ఏ పద్దు రావాలో ఆ వరుసలోనే చెబుతాను. అందులో ఒక పద్దు మా ఇంట్లో నాలుగు రోజులపాటు ఎవరికీ అన్నం సహించనీయలేదు. దాన్నీ దాచను. ఈ వ్యాసానికి అసలు కారణం అదే.

ఏ దీవి? ఎలా పోవాలి?

అండమాను ముఖ్యపట్టణాన్ని మనం చిన్నప్పటినుంచీ పోర్టు బ్లెయిరు అంటున్నాము. 2024 సెప్టెంబరులో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. నీటి అడుగుకు దిగే వేడుక ముఖ్యంగా జరిగేది అక్కడికి ఈశాన్యంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో వున్న హేవ్‌లాక్ దీవిలో. 1943 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోసు పోర్టు బ్లెయిరులో జెండా ఎగురవేసిన సంగతి మీకు తెలిసినదే. దానికి 75 యేళ్లు నిండిన సందర్భంలో, 2018 డిసెంబరులో, హేవ్‌లాకుకు స్వరాజ్ ద్వీపమనీ, పక్కనున్న నీల్ దీవికి షహీద్ ద్వీపమనీ పేర్లు పెట్టారు. టికెట్ల మీద పాత పేరు వున్నా, కొత్త పేరు వున్నా ఊరు ఒకటే. కంగారు పడవద్దు.

చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఓడలో అయితే రమారమి మూడు రోజులు. ఓడలు చెన్నై, కలకత్తా, విశాఖపట్నం రేవుల నుంచి బయలుదేరతాయి. అవి రోజూ వుండవు, తేదీలు తెలుసుకుని సెలవు పెట్టుకోవాలి. ముఖ్యపట్టణం నుంచి దీవికి ప్రభుత్వపు ఓడలో రెండున్నర గంటలు, ప్రైవేటువారి వేగపు పడవల్లో గంటన్నర పడుతుంది. మన దేశస్థులకు ఆ దీవికి ప్రత్యేకమైన అనుమతి పత్రం అక్కరలేదు. గుర్తింపు కార్డు మాత్రం ప్రతివారి దగ్గరా వుండాలి.

భాషకు ఏమి ఇబ్బంది పడతామో అని మా ఆవిడ భయపడింది. ఆ భయం అక్కరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాను నికోబారు దీవుల్లో నూటికి సుమారు 13 మందికి తెలుగే మాతృభాష. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి పోయి స్థిరపడిన కుటుంబాలు చాలా వున్నాయి. స్వరాజ్ ద్వీపంలో మాత్రం తూర్పు బెంగాలు నుంచి కాందిశీకులుగా వచ్చిన వంగీయులే ఎక్కువ. అక్కడి పల్లెల పేర్లు వింటే ముచ్చట వేస్తుంది: గోవిందనగరం, విజయనగరం, శ్యామనగరం, కృష్ణనగరం, రాధానగరం!

పంచాంగం చూసుకోవలసిన ప్రయాణం

నైరుతి రుతుపవనాలు మన కేరళకంటే ముందుగా అండమానును తాకుతాయి. మే మూడో వారం నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలు, అలజడి సముద్రం. నవంబరు, డిసెంబరు నెలల్లో తుఫానుల భయం వుంటుంది. 2016 డిసెంబరులో మన చెన్నైలో చెట్లన్నీ కూల్చిపోయిన వార్దా తుఫానును ఎవరూ మరచిపోలేదు కదా! అది మన మీదికి రాకముందు అండమాను దగ్గర వాయుగుండంగా వున్నప్పుడే హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా యాత్రికులు పడవలు లేక చిక్కుబడిపోయారు. నౌకాదళం వారు ఓడలు పంపి వారిని తీసుకువచ్చారు. కనుక మేము జనవరి చివరనుంచి ఏప్రిలు మొదటివరకు వుండే నిలకడ కాలాన్ని ఎంచుకున్నాము. అయినా తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా వుంచుకున్నాము. దీవినుంచి వచ్చిన పడవ దిగి నేరుగా విమానం ఎక్కుదామనుకునేవారు సముద్రుణ్ణి తమ ఆఫీసు బంట్రోతు అనుకుంటున్నారన్నమాట.

ఇక తిథి. ఇది మా ఆవిడకు చాలా నచ్చిన సంగతి. అమావాస్యకూ పున్నమికీ పోటు ఎక్కువ, ఆటూ ఎక్కువ. అష్టమి రోజుల్లో రెండూ తక్కువ. పోటు ఆటుల తేడా ఎక్కువైతే ప్రవాహం బలంగా వుంటుంది, ఒక్కొక్కచోట నీరు కలక బారుతుంది. అందుకని కొత్తగా దిగేవారికి అష్టమి దరిదాపులు అనువు. షహీద్ ద్వీపంలో తీరాన వున్న సహజమైన రాతి వంతెన చూడాలంటే మాత్రం బాగా ఆటు పట్టిన వేళ పోవాలి. పోటు వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు వెనకపడుతూ వుంటుంది కాబట్టి, నిన్న పదింటికి బాగున్నచోటు వారం తరువాత పదింటికి బాగుంటుందనుకోరాదు. గోడమీది పంచాంగం చూసి మేము దిగే రోజు మాఘ శుద్ధ అష్టమికి పెట్టుకున్నాము. "భీష్మాష్టమి! గంగమ్మ కొడుకు దినం" అని మా ఆవిడ సంతోషించింది.

మరొక మాట. దేశానికంతకూ గడియారం ఒకటే గాని సూర్యుడికి ఆ నిబంధన లేదు. అక్కడ చెన్నైకంటే సుమారు యాభై నిమిషాలు ముందుగా తెల్లవారుతుంది. డిసెంబరులో సాయంత్రం అయిదు గంటలకే పొద్దు వాలిపోతుంది. మధ్యాహ్నం కునుకు తీసి తీరానికి పోదామనుకుంటే చీకటే మిగులుతుంది.

పది ప్రశ్నల కాగితం

సరే, ఇప్పుడు అసలు పద్దుకు వస్తాను.

టికెట్లు కొన్నాము, బస కుదిరింది. నీటి అడుగుకు తీసుకుపోయే సంస్థవారు ముందుగా నింపుకోమని ఒక కాగితం పంపారు. పది ప్రశ్నలు. ఊపిరితిత్తుల జబ్బు వుందా, గుండె జబ్బు వుందా, మూర్ఛలు వచ్చాయా, చెవికి శస్త్రచికిత్స జరిగిందా. వయసు 45 దాటి రక్తపోటు వున్నదా. ఈ తరహా ప్రశ్నలు. ప్రతిదానికీ ఎదురుగా 'వుంది', 'లేదు' అని రెండు గళ్లు. అన్నిటికీ లేదని వస్తే సంతకం పెట్టి దిగవచ్చు. కొన్నిటికి వుందని వస్తే డాక్టరు ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి.

మావాడికి చిన్నప్పటినుంచి ఉబ్బసం. పెద్దయ్యాక చాలావరకు తగ్గింది గాని మార్గశిరం మంచు పడితే పిల్లికూతలు మొదలవుతాయి. పీల్చే మందు డబ్బా బీరువాలో ఎప్పుడూ వుంటుంది. "మందు పీల్చి నాలుగు నెలలైంది నాన్నా, లేదని పెట్టేయండి" అన్నాడు వాడు. ఆఫీసులో అడిగితే, అంతకు ముందు దీవికి పోయి వచ్చిన ఒక మిత్రుడు నవ్వి, "అందరూ లేదనే పెడతారు. మీరొక్కరే సత్యహరిశ్చంద్రులా?" అన్నాడు.

రాత్రి భోజనాలయ్యాక కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. ముందు నా కాగితం తీశాను. నాకు నలభై ఏడు. మూడేళ్లుగా రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్నాను. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చి, పెద్ద ఆలోచన లేకుండానే 'లేదు' గడిలో గుర్తు పెట్టేశాను. దాన్ని అబద్ధమని కూడా నేను అనుకోలేదు. పని త్వరగా తెమలడానికి చేసే చిన్న సవరణ అనుకున్నాను. తరువాత వాడి కాగితం తీసి, ఉబ్బసం ప్రశ్న దగ్గర ఆగి, "ఇది మాత్రం వున్నట్టే రాయాలిరా" అన్నాను.

వాడు ఏమీ మాట్లాడకుండా నా కాగితం వైపు చూశాడు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమండీ, మీ మాత్రల డబ్బీ ఆ బల్లమీదే వుంది చూసుకోండి" అన్నది.

ఇరవై రెండేళ్లుగా ఎదుటివారి దరఖాస్తుల్లో తప్పులు పట్టి ఎర్రసిరాతో గీతలు గీసి వెనక్కు పంపినవాణ్ణి. ఆ రాత్రి నా కాగితాన్నే వెనక్కు పంపవలసి వచ్చింది. రెండు కాగితాలూ చింపేసి మర్నాడు కొత్తవి తెచ్చాను. నా గడిలో 'వుంది'. వాడి గడిలో 'వుంది'. ఆఫీసు దరఖాస్తులో వయసో, జీతమో తప్పు పడితే ఫైలు తిరిగి వస్తుంది, మళ్లీ రాసుకోవచ్చు. ఈ కాగితంలో తప్పు రాస్తే మనిషే తిరిగి రాకపోవచ్చు.

ఛాతీ డాక్టరుగారు మావాడి చేత ఒక గొట్టంలోకి ఊదించారు. కాసేపు పరుగెత్తించి మళ్లీ ఊదించారు. పరుగు తరువాత ఊపిరి బలం బాగా తగ్గింది. "ఉబ్బసం వున్న ప్రతివారినీ నేను ఆపను. పూర్తిగా అదుపులో వుండి పరీక్షలో నిలబడితే ఒప్పుకుంటాను. నీకు ఈ యేడు వద్దు" అన్నారు. పైపైన తేలుతూ అద్దంలోంచి చూడడానికి మాత్రం, పక్కన మనిషి వుండి, మందు డబ్బా పడవలో వుంటే అభ్యంతరం లేదన్నారు. నాకు రక్తపోటు చూసిన మా డాక్టరుగారు కూడా ఆ రోజు అంకె చూసి పెదవి విరిచారు.

మావాడు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. పెట్టింది తిని లేచిపోయేవాడు. "టికెట్లు రద్దు చేసేయండి" అని తల్లితో చెప్పి పంపాడు. రెండేళ్ల ఈత, తెల్లవారుజాము చలి, అన్నీ నా కలం ఒక్క గీతతో కొట్టేసినట్టు వాడికి అనిపించి వుండాలి. నాకూ అలాగే అనిపించింది.

నాలుగో రాత్రి మా ఆవిడ మూడో కాగితం తీసుకుని నా ముందు పెట్టింది. "నాకు ఇందులో వున్న జబ్బు ఒక్కటీ లేదు. నేను దిగుతాను. వాడు చూడలేనిది నేను చూసి వచ్చి చెబుతాను" అన్నది. మెరీనాలో కాళ్లు తడుపుకోవడానికి నా భుజం పట్టుకునే మనిషి! ఆ మాటకు పక్కగదిలోంచి మావాడు నవ్వాడు. నాలుగు రోజుల తరువాత మొదటి నవ్వు అది. "అమ్మా, నీకు ఈత రాదు కదే" అంటూ వచ్చి కూర్చున్నాడు.

ఈత రానివారు కూడా గురువు చెయ్యి వదలకుండా కొద్ది లోతుకు దిగి రావచ్చు. పదేళ్ల పిల్లలనుంచి దానికి అర్హులే. తమంతట తాము దిగడం నేర్చుకునేవారికి మూడు నాలుగు రోజుల పాఠం వుంటుంది, దానికి ఈత తప్పనిసరి. ఆ పాఠం పూర్తయితే 18 మీటర్ల దాకా దిగడానికి పత్రం ఇస్తారు. మావాడు కోరుకున్నది ఆ పాఠమే.

నీటి కింద జరిగేదేమిటి?

ఆ డాక్టరుగారు చెప్పినది నేను నావంటివారి కోసం ఇలా అర్థం చేసుకున్నాను. మన మీద గాలి బరువు ఎప్పుడూ వుంటుంది. నీటిలో పది మీటర్లు దిగితే ఆ ఒత్తిడి రెండింతలవుతుంది. మూతికట్టిన బుడగను అక్కడికి తీసుకుపోతే సగానికి చిక్కిపోతుంది. పైకి తెస్తే మళ్లీ ఉబ్బుతుంది. దిగే మనిషి వీపుమీది సీసాలోని గాలిని లోతుకు తగిన ఒత్తిడితోనే పీలుస్తాడు. ఆ గాలిని ఊపిరితిత్తుల్లో బిగబట్టి పైకి వస్తే అది రెండింతలై లోపలి పొరలను చీల్చగలదు. అందుకే నీటి కింద మొట్టమొదటి సూత్రం: ఊపిరి బిగబట్టరాదు. ఉబ్బసం మనిషికి గొట్టాలు ముడుచుకుపోతే అతను బిగబట్టకపోయినా గాలి లోపలే చిక్కుతుంది. ఇప్పుడు తెలిసిందా, ఆ గడిలో అంత చిన్న గుర్తుకు అంత బరువు ఎందుకో!

చెవుల సంగతీ అంతే. దిగేటప్పుడు కర్ణభేరి లోపలికి నొక్కుకుంటుంది. ముక్కు మూసి మెల్లగా చెవుల్లోకి గాలి ఊదుతూ దిగాలి. నొప్పి రాకముందే ఊదాలి, నొప్పి వస్తే ఆగి కాస్త పైకి రావాలి. జలుబు చేసినవారు ఆ రోజు మానుకోవాలి.

మూడోది విమానం. గోలీసోడా కొట్టగానే బుడగలు పైకి వస్తాయి కదా, ఒత్తిడి తగ్గినందువల్ల. నీటి అడుగున వున్నప్పుడు గాలిలోని నత్రజని మన రక్తంలో కరుగుతుంది. తొందరగా పైకి వచ్చినా, దిగిన కొద్ది గంటలకే విమానం ఎక్కినా, లోపల అదే సోడా కథ జరగవచ్చు. ఒక్కసారి కొద్దిగా దిగినవారు 12 గంటలు, పలుమార్లు దిగినవారు 18 గంటలు విమానం ఎక్కరాదని నియమం. కాబట్టి దిగడం మొదటి రోజుల్లో పెట్టుకోవాలి, ఇసుకలో పడుకోవడం చివరికి పెట్టుకోవాలి.

మా రోజుల వరుస

మొదటి రోజు విమానం, ముఖ్యపట్టణంలో బస. రెండో రోజు పడవమీద స్వరాజ్ ద్వీపం. మూడో రోజు దిగడం. నాలుగో రోజు ఎలిఫెంట్ తీరం. అయిదో రోజు రాధానగర్ తీరం, విశ్రాంతి. ఆరో రోజు తిరిగి ముఖ్యపట్టణం. అది మా ఖాళీ రోజు. వాతావరణం అనుకూలించింది గనుక ఆ రోజు 1906లో కట్టడం పూర్తయిన సెల్యులర్ జైలు చూశాము. ఏడో రోజు ఇల్లు.

సంస్థను ఎంచుకునేటప్పుడు వెల ఒక్కటే అడగవద్దు. ఒక గురువుకు ఎంతమందిని అప్పగిస్తారు, ముందుగా నడుములోతు నీటిలో అభ్యాసం చేయిస్తారా, పడవలో ప్రాణవాయువు సీసా వున్నదా, సముద్రం బాగులేకపోతే రుసుము తిరిగి ఇస్తారా, ఈ నాలుగూ అడగండి. ఆరోగ్యపు కాగితం అడగకుండానే "రండి, దిగండి" అనేవారికి నమస్కారం పెట్టి బయటికి రండి.

దిగిన రోజు

ప్రయాణానికి ముందు మూడు వారాలు మా ఇంట్లో విచిత్రమైన బడి నడిచింది. కొడుకు గురువు, తల్లి శిష్యురాలు. నీటి కింద మాటలుండవు గనుక చేతిసైగలు నేర్పాడు. బొటనవేలు పైకెత్తితే బాగున్నానని కాదు, పైకి పోదామని. బాగున్నానని చెప్పడానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. పప్పు తాలింపు వేస్తూ ఆవిడ సున్నా చుట్టి చూపించేది.

అష్టమినాడు ఉదయం ఆవిడ గొలుసు తీసి నాకిచ్చి, మెడలో పసుపుతాడు కట్టుకుని, దానిమీద ఒంటిని పట్టుకునే నల్లని రబ్బరు దుస్తు వేసుకుంది. నన్ను చూసి సిగ్గుపడి, "అటు తిరగండి" అన్నది. గురువు ఒక చిన్నవయసు అమ్మాయి. నడుములోతులో అరగంట అభ్యాసం చేయించి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మేమిద్దరం పడవలో కూర్చున్నాము. రెండు నిమిషాలకే తల పైకి వచ్చింది. చెవి నొప్పట. "చాలమ్మా, వచ్చేయి" అన్నాను నేను. మావాడు మాత్రం, "అమ్మా, మెల్లగా ఊదు, మింగు, మళ్లీ ఊదు" అన్నాడు. ఆవిడ నా మాట వినలేదు.

ఈసారి అరగంట దాకా రాలేదు. నీటిమీద బుడగలు ఎక్కడ లేస్తున్నాయో మావాడు వేలితో చూపిస్తూనే వున్నాడు. నేను రాముణ్ణి తలుచుకుంటూ కూర్చున్నాను. వాణ్ణి చూస్తే నాకు ఒక సంగతి తోచింది. ఆ బుడగల దగ్గర వాడే వుండి, పడవలో మేమిద్దరం వున్నట్టయితే, ఆ పాత కాగితం మీది గుర్తు నా కళ్లముందు ఆడేది. నేను పడవలో కూర్చోగలిగేవాణ్ణే కాను.

ఏడెనిమిది మీటర్లు దిగి వచ్చిందామె. పైకి రాగానే ఆయాసపడుతూ చెప్పిన మొదటి మాట నాతో కాదు, వాడితో: "ఒరే, నా గోరింటాకు ఎరుపు పోయిందిరా, మట్టిరంగు అయిపోయింది!" నీరు ఎర్రని వెలుగును ముందుగా మింగేస్తుందని వాడు చెప్పాడు. చిలకచేపలు పగడపు రాయిని కొరుకుతుంటే పటిక బెల్లం నమిలిన చప్పుడు వినిపించిందట. వెంట్రుకల పువ్వులాంటి జీవిలో నారింజరంగు చేపలు దూరి తొంగి చూశాయట. పళ్లెమంత ఆల్చిప్ప నీడ పడగానే మూతి ముడుచుకున్నదట. సాయంత్రం దాకా చెబుతూనే వుంది. వాడు ప్రశ్న మీద ప్రశ్న వేస్తూనే వున్నాడు.

తీరంలో జాగ్రత్తలు

ఎలిఫెంట్ తీరానికి రేవునుంచి పడవలో అరగంట లోపే. మా పడవవాడి పూర్వులు శ్రీకాకుళం వైపువారు. "భయమేటి బాబూ, కోటు కట్టుకుంటే మునగవు. నానున్నాను కదా" అని మావాణ్ణి నీటిలోకి దించాడు. తేలే కోటు తొడిగి, కళ్లకు అద్దం, నోట గొట్టం పెట్టి వాడు గంటసేపు బోర్లా తేలుతూ పగడాలు చూశాడు. మందు డబ్బా నా జేబులోనే వుంది, అవసరం పడలేదు.

పగడం రాయి కాదు, ప్రాణి. చిన్న చిన్న జీవులు తరతరాలుగా కట్టుకున్న ఊరు అది. దానిమీద నిలబడరాదు, చెయ్యి వేయరాదు. నీరు మరీ వేడెక్కితే తమలో కాపురమున్న నాచును అవి వెళ్లగొట్టి తెల్లబారిపోతాయి. 2010 వేసవిలో అండమానులో అలా చాలా మేర తెల్లబారాయి. చచ్చిన పగడపు ముక్క అయినా సంచిలో వేసుకుని రారాదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. విమానాశ్రయంలో సంచులు వెదుకుతారు. మనవళ్లకు గవ్వలు కావాలంటే అనుమతి వున్న దుకాణంలో కొని రసీదు దగ్గర పెట్టుకోండి.

రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైన తీరమని ఎంచింది. తెల్లని ఇసుక, వెనక మహావృక్షాలు. అయితే ఆ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో ఆ తీరానికి పక్కనున్న కయ్యలో ఒక విదేశీ యాత్రికురాలు మొసలి వాత పడింది. హద్దులు కట్టినచోటే, కాపలావారు వున్న వేళే దిగాలి. వాగులు సముద్రంలో కలిసేచోటికి పోరాదు. హెచ్చరిక పలకలను మన ఊరి సినిమా ప్రకటనల్లా చూసీ చూడనట్టు పోరాదు.

సంచిలోకి కావలసినవి: గుర్తింపు కార్డులు, వారానికి సరిపడా మందులు, పొడుగు చేతుల నూలు చొక్కాలు, టోపీ, ఇసుక ఈగలకు రాసుకునే తైలం, కాస్త నగదు. చేపలు తినని మాబోటి ఇళ్లవారికి అన్నం, పప్పు, కూర అంతటా దొరుకుతాయి. మా ఆవిడ తీసుకువచ్చిన కందిపొడి డబ్బా సగం ఆ పడవవాడి ఇంటికే పోయింది.

తిరిగి వచ్చిన తరువాత మావాడు ఛాతీ డాక్టరుగారి దగ్గరికి తానే పోయి మందు క్రమం రాయించుకున్నాడు. రోజూ మరచిపోకుండా పీలుస్తున్నాడు. వచ్చే మాఘానికి మళ్లీ ఊది చూస్తారట. ఒప్పుకుంటే ఒప్పుకుంటారు, లేకపోతే లేదు అంటున్నాడు. మా ఇంట్లో మరో చీటీ మొదలైంది. అది గొలుసుకా, సముద్రానికా అన్నది ఇంకా తేలలేదు.

ఆ పది ప్రశ్నల కాగితం ఖాళీ ప్రతి ఒకటి నా దగ్గర వుంది. సంఘం కుటుంబాలవారు ఎవరైనా దీవికి పోదలచితే ఆదివారం సాయంత్రం మా ఇంటికి రండి. మా ఆవిడ కాఫీ ఇచ్చి చేపల కథ చెబుతుంది. కాగితం నేను నింపిపెడతాను. మీ మాత్రల డబ్బీలు మాత్రం వెంట తెచ్చుకోండి.